కుల పంచాయితీ నుంచి లోక్ అదాలత్ దాకా: ఎలమంచిలి వైపు గిరిజనుల కుటుంబ తగవుల కథ

మన సంచికల్లో మన్యం పోరాటాల గురించి, పండుగల గురించి, థింసా గురించి చాలా వ్యాసాలు వచ్చాయి. పెళ్లి గురించి కూడా వచ్చాయి. విడిపోవడం గురించి మాత్రం ఎవరూ రాయలేదు. రాయకపోవడానికి కారణం సిగ్గు కాదు. మన సమాజంలో ఆలుమగలు విడిపోవడాన్ని మహాపరాధంగా ఎప్పుడూ చూడలేదు. మైదానంలోని అగ్రకులాలు విడాకుల మాట ఎత్తడానికే భయపడే రోజుల్లో, మన ఊళ్లలో పడని మొగుణ్ణి వదిలి ఆడది తల్లిగారింటికి వచ్చేయడం, మళ్లీ పెళ్లి చేసుకోవడం మామూలు సంగతి. ఇంత మామూలు సంగతి ఇవాళ ఎలమంచిలి, నర్సీపట్నం, అనకాపల్లి కోర్టుల గుమ్మాల దగ్గర ఇంత చిక్కుగా ఎందుకు మారిందో చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

ముందు పాత పద్ధతి చూద్దాం. కొండదొర, బగత, వాల్మీకి, కోదు, గదబ, పోర్జ తెగల ఆచారాల్లో తేడాలున్నా మూలసూత్రం ఒక్కటే. పెళ్లంటే రెండు ఇళ్ల మధ్య ఒప్పందం, ఆ ఒప్పందానికి గుర్తు ఓలి. మగపెళ్లివారు ఆడపిల్ల తండ్రికి సొమ్మో, పశువులో, ధాన్యమో ఇస్తారు. కట్నం ఇటు నుంచి అటు పోతే ఓలి అటు నుంచి ఇటు వస్తుంది. పెద్దలు కుదిర్చిన పెళ్లి ఒకటే కాదు, ఇష్టపడి లేచిపోయి చేసుకున్నదీ, ఎత్తుకుపోయి చేసుకున్నదీ, మామ ఇంట్లో కొన్నేళ్లు పనిచేసి చేసుకున్న ఇల్లరికమూ అన్నీ పెళ్లిళ్లే. చివరకు ఓలి సంగతి తేలితే చాలు.

ఓలితో ముడిపడింది కాబట్టి విడిపోవడం కూడా ఓలి లెక్కే. కులపెద్ద కూర్చుంటాడు, బారికి వెళ్లి రెండు పక్షాల వారినీ పిలుస్తాడు, ఊరి వాళ్లు చుట్టూ చేరతారు. తప్పు ఎవరిదో తేలుస్తారు. భార్యే కాదనుకుని వెళ్లిపోతే ఓలి తిరిగి రావాలి. మొగుడే గెంటేస్తే ఓలి వదులుకోవాలి, పైగా తప్పు కట్టాలి. ఆమె ఇంకొకణ్ణి చేసుకుంటే ఆ కొత్త మగడే పాత మగడికి పరిహారం చెల్లించాలి. దీన్ని కొన్ని తెగల్లో మగనాలి అంటారు. ఆ సొమ్ములో కొంత పంచాయితీకి పోతుంది. దాంతో కల్లో సారాయో వస్తుంది, అందరూ కలిసి తాగుతారు, తగువు అక్కడితో సరి. సంతాలులైతే సాల ఆకులు చింపి, నీళ్ల చెంబు బోర్లించి విడాకులు ప్రకటిస్తారు. మన దగ్గర అంత తంతు లేదు. అందరూ కలిసి కూర్చోవడమే తంతు.

ఈ పద్ధతిలో ఉన్న మంచి ఏమిటంటే తగువు నెలల తరబడి సాగదు. ఖర్చు తక్కువ. మనుషులు ఒకరి భాష ఒకరికి తెలిసినవాళ్లు. చెడు కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి ఆచారాన్ని పొగుడుకోవడం నాకు నచ్చదు. పంచాయితీలో మాట్లాడేది మగవాళ్లే. ఆడమనిషి తరఫున తండ్రో అన్నో మాట్లాడాలి. ఓలి తిరిగి కట్టే స్తోమత పుట్టింటికి లేకపోతే దెబ్బలు తింటూ అక్కడే ఉండమని చెప్పే పెద్దలూ ఉన్నారు. పిల్లలు తండ్రి తెగకు చెందుతారు కాబట్టి చంటిబిడ్డలు తప్ప మిగిలినవాళ్లు చాలాసార్లు తండ్రి దగ్గరే ఉండిపోతారు. భరణం అన్న ఆలోచనే పాత పద్ధతిలో లేదు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటుంది, పొలంలోనో అడవిలోనో తన కష్టం తాను చేసుకుంటుంది అన్న నమ్మకం మీద నడిచిన పద్ధతి అది. అడవి ఉన్నన్నాళ్లు ఆ నమ్మకం చెల్లింది.

ఇక బ్రిటిష్ వారి సంగతి. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్లో 1830లలో వరుసగా తిరుగుబాట్లు వచ్చాయి. వాటిని విచారించడానికి మద్రాసు ప్రభుత్వం జార్జి రసెల్‌ను పంపింది. మైదానపు కోర్టులు, చట్టాలు కొండవారి మీద రుద్దితే పని జరగదని తేలింది. ఫలితంగా 1839లో 24వ నంబరు చట్టం వచ్చింది. ఆ చట్టం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరుకు ఏజెంటుగా నియమించి, సివిల్, క్రిమినల్ అధికారాలు రెండూ ఆయనకే అప్పగించింది. మనం నేటికీ అలవాటుగా వాడే ‘ఏజెన్సీ’ అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. తర్వాత 1874లో షెడ్యూల్డ్ జిల్లాల చట్టం వచ్చింది. దాని కింద 1924లో ఏజెన్సీ రూల్స్ చేశారు. వాటి ప్రకారం ఏజెన్సీలో సివిల్ తగవులు వినేది జడ్జీలు కాదు, రెవెన్యూ అధికారులు. తహసీల్దారు స్థాయి అధికారి, ఆయన పైన డివిజనల్ అధికారి, ఆ పైన ఏజెంటు అయిన కలెక్టరు.

దీన్ని ప్రేమతో చేసిన రక్షణ అనుకోవద్దు. కొండలు అణిగి ఉండాలన్నదే దొరల లెక్క. పన్నుల వసూళ్లకు ముఠాదార్లను పెట్టారు, అడవి చట్టాలతో పోడు ఆపారు. కుటుంబ తగవుల్లో మాత్రం వారికి ఆసక్తి లేదు, ఆదాయమూ లేదు. అందుకే ఆలుమగల గొడవలు కులపెద్దకే వదిలేశారు. కార్మైకేల్ 1869లో రాసిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్‌లో, ఫ్రాన్సిస్ 1907 నాటి గెజిటీర్‌లో, థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన కులాలు, తెగల సంపుటాల్లో మన పెళ్లి, విడాకుల ఆచారాలు వింతలుగా నమోదయ్యాయి. ఆనాడు వింతగా రాసిన ఆ పేజీలే తర్వాత కోర్టుల్లో సాక్ష్యంగా పనికొచ్చాయి. తెల్లదొరలు మనకు తెలియకుండా చేసిన మేలు ఇదొక్కటేనేమో.

ఎలమంచిలి ఈ గీతకు ఇవతల ఉంది. పంచదార్ల శాసనాల్లో కనిపించే ఎలమంచిలి చాళుక్యుల కాలం నుంచీ ఇది మైదానపు ఊరే. శారదా నది నీళ్ల దేశం, చెరకు దేశం. 1890లలో రైలు వచ్చింది. బ్రిటిష్ కాలం నుంచే ఇక్కడ మున్సిఫ్ కోర్టు నడిచింది. సివిల్ ప్రొసీజర్ కోడు, స్టాంపు ఫీజు, ప్లీడర్లు అన్నీ ఇక్కడ ఉన్నాయి. నర్సీపట్నం దాటి కొండెక్కితే అవేవీ లేవు. ఒకే తెగకు చెందిన అన్నదమ్ములలో ఒకడు చింతపల్లి దగ్గర, ఒకడు ఎలమంచిలి చుట్టుపక్కల చెరకు తోటల్లో కూలికి స్థిరపడితే, వారి ఇళ్లలో పుట్టిన ఒకే రకమైన తగువుకు రెండు వేర్వేరు దారులు పడ్డాయి. ఎరుకల వారి వంటి సంచార తెగలకైతే కొండా లేదు, ఏజెన్సీ రక్షణా లేదు. నేరస్త జాతుల చట్టం కింద పోలీసు హాజరు పట్టీలో నలిగిన ఆ కుటుంబాలు కోర్టు మెట్లెక్కి మొగుడూ పెళ్లాల గొడవ చెప్పుకుంటాయని ఎవరూ అనుకోలేదు. వాళ్ల తగవులన్నీ వాళ్ల పంచాయితీలోనే తేలాయి.

ఇక్కడ అల్లూరి సీతారామరాజు ప్రస్తావన తప్పదు. ఆయన గురించి రాసేవారు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో జరిగిన దాడులతో మొదలుపెడతారు. దానికి ముందు ఏడాదీ ఏడాదిన్నర ఆయన చేసిన పని అంత ప్రసిద్ధం కాలేదు. సహాయ నిరాకరణ ఉద్యమం రోజుల్లో ఆయన కృష్ణదేవిపేట చుట్టుపక్కల తిరుగుతూ రెండు మాటలు చెప్పాడు. కల్లు, సారాయి మానండి. తగవులు సర్కారు కోర్టులకు తీసుకుపోకండి, మీ పంచాయితీల్లోనే తేల్చుకోండి. ప్రభుత్వానికి ఇది మొదట్లోనే కంటగింపు అయింది. తగువు తీర్చే అధికారం ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్ల మాట వింటుందని దొరలకు తెలుసు. ఇందులో చిన్న విశేషం కూడా ఉంది. సారాయి మానమంటే పాత పంచాయితీ తప్పు సొమ్మును తాగి ఖర్చుపెట్టే అలవాటు కూడా మానాలి. పంచాయితీని నిలబెడుతూనే దాన్ని బాగుచేయాలని చూశాడన్నమాట. ఆ ప్రయత్నం 1924 మే 7న ఆయనతో పాటే ఆగిపోయింది.

స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం అయిదో షెడ్యూలు వచ్చింది, 1950లో షెడ్యూలు ప్రాంతాలు ప్రకటించారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే కొన్ని గ్రామాలను ఆ జాబితా నుంచి తొలగించారు. తొలగించిన పేర్లలో కొంకసింగి, గొలుగొండపేట ఉన్నాయి. కృష్ణదేవిపేట కూడా ఉంది. ‘మీ పంచాయితీలోనే తీర్చుకోండి’ అని రామరాజు చెప్పిన ఊరే షెడ్యూలు ప్రాంతం బయటకు వచ్చేసింది. నాతవరం, గొలుగొండ, రోలుగుంట, రావికమతం, చీడికాడ, దేవరాపల్లి, మాడుగుల మండలాల్లో ఇలా బయట ఉండిపోయిన గిరిజన పల్లెలు చాలా ఉన్నాయి. వాటిని షెడ్యూలులో చేర్చమని ఏళ్ల తరబడి వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు కొండ మీదవి పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. ఈ పల్లెలు ఎలమంచిలితో పాటు అనకాపల్లి జిల్లాలో మిగిలాయి.

భూమి విషయంలో ఈ గీత ఎంత నష్టం చేసిందో అందరికీ తెలుసు. కుటుంబ తగవుల్లో దాని ప్రభావం చూడాలంటే 1996 నాటి పెసా చట్టం తీసుకోవాలి. అందులో నాలుగో సెక్షను ప్రతి గ్రామసభకూ తన ఆచారాలను, సంస్కృతిని, తగవులు తీర్చుకునే సంప్రదాయ పద్ధతిని కాపాడుకునే అధికారం ఉందని స్పష్టంగా చెప్పింది. ఆంధ్రప్రదేశ్ 2011లో నియమాలు కూడా చేసింది. రామరాజు అడిగినదానికి దగ్గరి మాట పార్లమెంటు నోట డెబ్బయి అయిదేళ్ల తర్వాత వచ్చింది. అయితే పెసా షెడ్యూలు ప్రాంతానికే వర్తిస్తుంది. కృష్ణదేవిపేటకు వర్తించదు, ఎలమంచిలికి అసలే వర్తించదు. ఇక్కడి మన కులపెద్దలు కూర్చుంటే అది చట్టం దృష్టిలో పదిమంది పెద్దమనుషులు కూర్చున్నట్టే.

అసలు చిక్కు మాత్రం పెసాలో లేదు, 1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఉంది. ఆ చట్టం రెండో సెక్షను రెండో ఉపవిభాగం ఒక్క వాక్యంలో చెబుతుంది: కేంద్ర ప్రభుత్వం వేరుగా ప్రకటిస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డు తెగలవారికి వర్తించదు. మన ఆచారాలను కాపాడాలన్న ఉద్దేశంతో పెట్టిన వాక్యమిది. మంచిదే. ఫలితం ఏమిటంటే, కొండదొర కుటుంబానికి చెందిన భార్యాభర్తలు విడాకుల కోసం ఆ చట్టం కింద కోర్టులో అర్జీ పెడితే, అర్జీ చెల్లదని ఎదుటి పక్షం వాదించవచ్చు, కోర్టు కొట్టివేయవచ్చు. ఇద్దరికీ ఇష్టమైన విడాకులకు కూడా ఇదే ఇబ్బంది. కొన్ని హైకోర్టులు, హిందూ పద్ధతుల్లోనే పెళ్లి చేసుకుని అవే ఆచరిస్తున్న గిరిజనులకు ఆ చట్టం వర్తిస్తుందని అన్నాయి. 2021లో మీనా తెగ దంపతుల కేసులో ఢిల్లీ హైకోర్టు అలా తీర్పు ఇచ్చింది. పురోహితుడు వచ్చి మంగళసూత్రం కట్టించిన పెళ్లిళ్లు మన దగ్గరా ఇప్పుడు ఎక్కువే కదా. అంటే పెళ్లి ఎలా జరిగిందన్న ఫొటోల మీద ఏ చట్టం వర్తిస్తుందో తేలే స్థితి వచ్చింది.

వాల్మీకుల సంగతి ఇంకా ఇరుకు. షెడ్యూల్డు తెగల జాబితాలో వారి పేరు పక్కనే షెడ్యూలు ప్రాంతాలకు మాత్రమే అన్న పరిమితి ఉంది. కొండ దిగి ఎలమంచిలిలో ఉంటున్న వాల్మీకి దంపతులు ఆ చట్టానికి లోపలో బయటో చెప్పడానికి ముందు వారి నివాసం గురించి వాదించుకోవాలి.

హిందూ వివాహ చట్టం వర్తించకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. ఆచారం చట్టంలాగే చెల్లుతుంది. రాజ్యాంగం 13వ అధికరణం చట్టం అన్న మాటలోకి చట్టబలం ఉన్న ఆచారాన్ని కూడా చేర్చింది. కులపెద్దల ముందు ఆచారం ప్రకారం విడిపోయి ఉంటే, ఆ విడాకులు చెల్లుతాయని ప్రకటించమని కోర్టును అడగవచ్చు. కుటుంబ న్యాయస్థానాల చట్టం, 1984 ఏడో సెక్షను ప్రకారం దంపతుల వైవాహిక స్థితి తేల్చే దావా ఫ్యామిలీ కోర్టు వింటుంది. విశాఖపట్నంలో ఫ్యామిలీ కోర్టు ఉంది. ఫ్యామిలీ కోర్టు లేనిచోట మామూలు సివిల్ కోర్టే వినాలి. అడిగేది కొత్తగా విడాకులు ఇప్పించమని కాదు, ఇప్పటికే అయిన విడాకులను గుర్తించమని. ఈ తేడా తెలియక విడాకుల అర్జీ వేసి, ఏళ్ల తర్వాత అది చెల్లదని తెలుసుకున్నవారు ఉన్నారు.

కానీ ఆచారం ఉందని చెప్పేవారే దాన్ని రుజువు చేయాలి. ఎప్పటి నుంచో ఉందని, ఎడతెగకుండా సాగుతోందని, స్పష్టంగా ఉందని, సబబైనదని చూపాలి. ఈ రుజువు ఎంత కష్టమో 2001లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన సూరజ్‌మణి స్టెల్లా కుజుర్ కేసు చెబుతుంది. ఆమె ఒరావ్, భర్త సంతాల్. తనతో పెళ్లి ఉండగానే భర్త రెండో పెళ్లి చేసుకున్నాడని ఆమె ద్విభార్యత్వం కేసు పెట్టింది. హిందూ వివాహ చట్టం వారికి వర్తించదు కాబట్టి, తెగ ఆచారం ప్రకారం రెండో పెళ్లి చెల్లదని ఆమే రుజువు చేయాలని కోర్టు అంది. రుజువు లేదని కేసు పోయింది. ఆచారాన్ని కాపాడటానికి పెట్టిన మినహాయింపు ఆ ఇంట్లో ఎవరిని కాపాడిందో చదివినవారికి అర్థమవుతుంది. మన ఆడపడుచులు గుర్తుపెట్టుకోవాల్సిన తీర్పు ఇది. ఆచారం ఏమిటో కులపెద్దలు కోర్టుకు వచ్చి చెప్పవచ్చు, తెలిసినవారి అభిప్రాయాన్ని సాక్ష్య చట్టం అంగీకరిస్తుంది. వచ్చేవారు ఉండాలి, అంతే.

కాగితం సంగతి ఇక్కడే వస్తుంది. పాత రోజుల్లో ఊరంతా చూసిందంటే చాలు, కాగితం అక్కరలేదు. ఇప్పుడు మన పిల్లలు ఉక్కు ఫ్యాక్టరీలో, రైల్వేలో, పోర్టులో, పాఠశాలల్లో, సచివాలయాల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. ఉద్యోగి సర్వీసు పుస్తకంలో భార్య పేరు ఒకటే ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగి, ఆచారం ఒప్పుకున్నా సరే, భార్య ఉండగా అనుమతి లేకుండా రెండో పెళ్లి చేసుకోకూడదని ప్రవర్తనా నియమాలు చెబుతాయి. ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక కుర్రాడు ఊళ్లో పెద్దల ముందు మొదటి భార్యతో విడిపోయాడు, ఓలి లెక్క తేలింది, మరొకరిని చేసుకున్నాడు, సర్వీసు పుస్తకంలో పేరు మార్చలేదు. యాభై ఏళ్లకు చనిపోయాడు. ఫ్యామిలీ పెన్షను ఎవరికి? ఊరు చూసింది కానీ ఊరు పెన్షను ఆఫీసుకు రాదు. మొదటి భార్య కూడా మోసగత్తె కాదు, ఆమె పేరే కాగితం మీద ఉంది. ఇద్దరు ఆడవాళ్లు, ఎవరి తప్పూ లేకుండానే, ఏళ్లు తిరుగుతారు. 2002లో రాష్ట్రం వివాహాల నమోదు తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. మనలో నమోదు చేయించేవారు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నారు. విడిపోవడాన్ని నమోదు చేసే పద్ధతి మాత్రం ఏదీ లేదు.

కుల పంచాయితీ దగ్గర రాసే కాగితంలో ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని కొంచెం నిదానంగా చెప్పాలి. స్టాంపు కాగితం మీద ‘మేమిద్దరం ఇష్టపూర్వకంగా విడివిడిగా ఉండుటకు ఒప్పుకున్నాము’ అని రాయడం అలవాటైపోయింది. రాసేవాడు ఎక్కడో చూసిన నమూనా అది. భరణం చట్టం (నిన్నటిదాకా సి.ఆర్.పి.సి. 125, 2024 జూలై 1 నుంచి నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షను) తెగా మతమూ చూడదు, మనకూ వర్తిస్తుంది. విడాకులు పొంది మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీకి కూడా భరణం అడిగే హక్కు ఉంది. కానీ పెళ్లి నిలిచి ఉండగా పరస్పర అంగీకారంతో వేరుగా ఉంటున్న భార్యకు భరణం ఇవ్వరు. కాగితంలో ‘విడాకులు’ అన్న మాట లేకుండా ‘విడిగా ఉంటాము’ అని మాత్రమే ఉంటే, ఆమె చేతికి ఇచ్చిన కాగితమే ఆమె భరణానికి అడ్డు పడవచ్చు. ఒక్క మాట తేడా. ఏ ఆచారం ప్రకారం, ఏ తేదీన, ఎవరి సమక్షంలో విడాకులు అయ్యాయో, ఓలి ఏమైందో, పిల్లలు ఎవరి దగ్గర ఉంటారో, వారి చదువు ఖర్చు ఎవరిదో ఆ కాగితంలో రాయాలి. ఆడమనిషి తరఫు సాక్షుల్లో ఆడవాళ్లూ ఉండాలి. ‘ఇకపై భరణం అడగను’ అని రాయించుకునేవారికి ఒక మాట: అలా రాయించుకున్నంత మాత్రాన ఆమె హక్కు పోదని కోర్టులు చెబుతూ వచ్చాయి.

లోక్ అదాలత్ మాటకు వస్తే, అది పంచాయితీకి చట్టం వేసిన చొక్కా అనిపిస్తుంది నాకు. రాజ్యాంగంలోకి 1976లో 39ఎ అధికరణం వచ్చింది. ఆ తర్వాత 1987లో న్యాయ సేవల అధికార సంస్థల చట్టం చేశారు, 1995 నవంబరు 9 నుంచి అమలైంది. దాని 12వ సెక్షను ప్రకారం షెడ్యూల్డు తెగల వారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. స్త్రీలకూ అంతే. అంటే గిరిజన స్త్రీకి రెండు విధాలుగా అర్హత ఉంది. వకీలు ఫీజు, కోర్టు ఫీజు పెట్టుకోలేమని ఇంట్లో కూర్చోవాల్సిన పని లేదు. మండల స్థాయిలో కోర్టు ఆవరణలోనే న్యాయ సేవల సంఘం ఉంటుంది, 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు. గిరిజనుల కోసమే జాతీయ సంస్థ 2015లో ఒక ప్రత్యేక పథకం కూడా తెచ్చింది.

కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చన్నది చాలామందికి తెలియదు. అక్కడ రెండు పక్షాలూ ఒప్పుకుని సంతకం పెడితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. ఊరి కాగితానికి లేని బలం అదే. ఊళ్లో పెద్దలు కుదిర్చిన భరణం, పిల్లల ఏర్పాటు, ఇచ్చిపుచ్చుకోవాల్సిన సామాను లెక్క తీసుకెళ్లి లోక్ అదాలత్‌లో రాయించుకుంటే, రేపు మాట తప్పినవాడి మీద అమలు అర్జీ వేయవచ్చు. జాతీయ లోక్ అదాలత్ ప్రకటనల్లో వైవాహిక తగవులు అని రాసి పక్కనే ‘విడాకులు మినహా’ అని రాస్తారు, అది గమనించాలి. అంటే విడాకులు అక్కడ దొరకవు. విడాకుల చుట్టూ ఉన్న మిగతావన్నీ దొరుకుతాయి.

మధ్యవర్తిత్వం మాట కూడా మన రాష్ట్రానికి కొత్తది కాదు. 2013లో సుప్రీంకోర్టు భార్యాభర్తల కేసుల్లో మధ్యవర్తిత్వాన్ని ముందే ప్రయత్నించాలని చెప్పిన శ్రీనివాసరావు, దీప కేసు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినదే. 2023లో మధ్యవర్తిత్వ చట్టం వచ్చింది. అందులో ‘సామాజిక మధ్యవర్తిత్వం’ అని ఒక అధ్యాయం ఉంది. ఒక ప్రాంతంలోని కుటుంబాల మధ్య శాంతికి భంగం కలిగించే తగవును ముగ్గురు మధ్యవర్తుల ముందు పెట్టవచ్చని రాశారు. చదవగానే మన కులపెద్ద, బారికి గుర్తొస్తారు. తర్వాతి వాక్యం చదివితే ఉత్సాహం తగ్గుతుంది. అలా కుదిరిన ఒప్పందం సివిల్ కోర్టు డిక్రీలా అమలు కాదట. మన పంచాయితీకి ఇప్పుడున్న స్థితే దానికీ.

ఏ మధ్యవర్తిత్వమైనా దెబ్బలకు వర్తించదని మాత్రం గట్టిగా చెప్పాలి. గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది, అది తెగల వారికీ వర్తిస్తుంది. తలపగిలిన ఆడబిడ్డను కూర్చోబెట్టి ఓలి లెక్క అడిగే పంచాయితీ మన ఆచారం కాదు, మన సోమరితనం. అలాగే తెగ దాటి పెళ్లి చేసుకున్న పిల్లలను వెలివేసే తీర్మానాలు. మేజరైన ఇద్దరి పెళ్లిలో ఏ పంచాయితీ జోక్యం చేసుకున్నా చట్టవిరుద్ధమని 2018లో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. లేచిపోయి చేసుకున్న పెళ్లిని కూడా తప్పు కట్టించుకుని ఇంట్లోకి రానిచ్చిన తెగలం మనం. వెలి అన్నది మైదానం నుంచి నేర్చుకున్నది.

ఇతరులు ఏం చేశారో చూడటం మంచిది. మిజోలు తమ పెళ్లి, విడాకులు, ఆస్తి ఆచారాలను కూర్చి 2014లో తమ శాసనసభ చేతనే చట్టంగా రాయించుకున్నారు. దక్షిణాఫ్రికా 1998లో ఆచార వివాహాలను గుర్తిస్తూ చట్టం చేసింది, అయితే విడాకులు మాత్రం కోర్టులోనే తీసుకోవాలంది. అక్కడ కూడా ఓలి వంటి ‘లోబోలా’ ఉంది. మన దేశంలో ఉత్తరాఖండ్ ఉమ్మడి పౌరస్మృతి 2025 జనవరి నుంచి అమలైంది, దాంట్లో షెడ్యూల్డు తెగలను మినహాయించారు. అదే ఏడాది జూలై 17న ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు, ఆడపిల్లకు వాటా లేదన్న ఆచారాన్ని ఎదుటివారు రుజువు చేయలేనప్పుడు సమానత్వమే న్యాయమని ఆమె వారసులకు వాటా ఇప్పించింది. సూరజ్‌మణి కేసులో రుజువు భారం ఆడమనిషి మీద పడింది. ఇక్కడ ఆమెకు వ్యతిరేకంగా మాట్లాడేవారి మీద పడింది. ఇరవై నాలుగేళ్లలో వచ్చిన మార్పు అది.

మన వైపు ఇంకా ఎవరూ చేయని పని ఒకటి ఉంది. కొండదొర, బగత, వాల్మీకి, గదబ, కోదు, ఎరుకల విడాకుల ఆచారాలను, ఓలి ఎలా తిరిగి వస్తుంది, పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, ఏది విడాకులు, ఏది అలిగి పుట్టింటికి రావడం అన్నవాటిని పెద్దల నోట విని, ఆడవాళ్లను వేరుగా కూర్చోబెట్టి వారి మాట కూడా విని, ఊరి పేరు, తేదీతో రాసి పెట్టడం. థర్‌స్టన్ వందేళ్ల కిందట రాసినదే ఇప్పటికీ కోర్టుల్లో మన గురించి చూపించే పుస్తకం. అది రాసినవాడికి మన భాష రాదు. ఆ ఆచారాలు తెలిసిన పెద్దలు కృష్ణదేవిపేట వైపు, రోలుగుంట వైపు ఇంకా కొందరున్నారు. వారిలో చాలామంది ఎనభై దాటినవారు.